నదుల జాబితా

నా ఉద్యోగం ఏమిటంటే చెప్పడం కష్టం.
చదివేది అది. దిద్దేది నేను.

రాత్రంతా చదువుతుంది. వంటలు, వాతావరణం,
పాత పడవల బేరాలు, తప్పిపోయిన పిల్లి ఆనవాళ్లు,
ఎవరెవరో ఎవరెవరికో చెప్పుకున్న క్షమాపణలు.
పొద్దున ఎనిమిదింటికి,
టార్టులో ఇంకా తెల్లవారకముందే,
మంచు దులుపుకుని నేను లోపలికొచ్చేసరికి
నేర్చుకున్నదంతా వరసగా పేర్చి ఉంచుతుంది.
ప్రతి మాట పక్కనా ఎంత నమ్ముతోందో ఒక అంకె.
ఒప్పయితే పచ్చ మీట, తప్పయితే ఎర్ర మీట.

అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి ఇది.
తప్పు కనిపిస్తే వేలు దానంతటదే కదులుతుంది.

మొదటి వారమే నన్ను చెట్ల జాబితాలో రాసుకుంది.
నా ఇంటిపేరు కాస్క్, అంటే బర్చ్ చెట్టు.
ఊర్వె కాస్క్: తెల్లని బెరడు, ఆకు రాల్చును. 0.91.
తాయ్‌వో పడీపడీ నవ్వాడు.
అరవై రెండేళ్లు నాకు, రెండోది మరీ అబద్ధమేం కాదు,
అయినా ఎరుపే నొక్కాను.
ఓక్ చెట్టుకీ ఆనకట్టకీ మా భాషలో ఒకటే మాట;
ఓక్ చెట్లు నీళ్లను ఆపుతాయని రాసింది.
దానికీ ఎరుపు.

ఆ మంగళవారం నదుల జాబితా వచ్చింది.
ఎమాయొగి, 0.99. కిటికీలోంచి కనబడుతూనే ఉంది,
అంచుల్లో గడ్డకట్టి, నడుమ నల్లగా.
పచ్చ.
నార్వా, 0.98. పచ్చ.
పార్ను, పచ్చ.
దుఃఖం, 0.87.

వేలు ఆగింది.

నదికి ఉండాల్సిన గళ్లన్నీ గీసి పెట్టింది దానికి.
పుట్టిన చోటు: ఆసుపత్రి (సందేహం).
పొడవు: ఖాళీ.
వంతెనలు: ఖాళీ.
ఏ నెలలో గడ్డకట్టును: ఖాళీ.
ఏ సముద్రంలో కలియును: ఖాళీ.

"ఎక్కడ చదివిందో చూడండి," అన్నాడు తాయ్‌వో,
కాఫీ కలుపుకుంటూ, ఇటు తిరక్కుండానే.
చూశాను.
దుఃఖంలో మునిగిపోయాం.
దుఃఖం పొంగుకొచ్చింది.
లోతు తెలియక దిగాను.
నాన్న ఇంకా దాటలేదు.
గట్టెక్కడానికి ఏడేళ్లు పట్టింది.
పాపం, దాని తప్పేముంది?
ఇంతమంది తడిసి వచ్చి చెబితే
నీళ్లనుకోదూ.

ముప్పై ఏడో వాక్యం:
ఒడ్డు కనబడడం లేదు హిల్లర్.

పేరు లేదు కింద. తేదీ ఉంది,
రెండేళ్ల కిందటి ఫిబ్రవరి, రాత్రి మూడుంబావు.
హిల్లర్‌కి ముందు కామా ఉండాలి. లేదు.
జన్మలో కామా వదలనిదాన్ని,
వదిలిన ఒక్కటీ ఇదిగో,
ఎవరూ చూడరనుకుని ఎక్కడో రాసి మర్చిపోయింది.
ఇది చూసింది.
చూసి, నమ్మి, ఒక నదికి సాక్ష్యంగా పెట్టుకుంది.

జీతం తీసుకునేది నిజం చెప్పడానికి.
రేపు బడిపిల్లాడెవడో దీన్ని అడుగుతాడు,
మన దేశంలో నదులెన్ని అని.
ఎరుపు నొక్కాను.
0.87 కాస్తా 0.41 అయింది.
తాయ్‌వో ఏమీ అడగలేదు.
చక్కెర డబ్బా మాత్రం నా వైపు జరిపాడు.

సాయంత్రం కమాను వంతెన మీద నడిచి ఇంటికెళ్లాను.
మధ్యలో నిలబడి కిందికి చూశాను కాసేపు,
వంతెనలు అన్న గడిలో
ఏదైనా రాయొచ్చునేమోనని.
చలి. చెవులు నొప్పెట్టాయి. వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున
దుఃఖం, 0.58.
రాత్రి ఎవరో రాసి ఉంటారు.
కోటు విప్పకుండానే కూర్చుని
కొత్తగా వచ్చిన వాక్యాలు చదివాను.
నలుగురు.
ఒకరు కామా సరిగ్గానే పెట్టారు.

మళ్లీ ఎరుపు నొక్కాను.
రేపు మళ్లీ నొక్కాలి.